ఊరి బడి మైదానంలో ట్రాక్ వేయించండి: బీపీఈడీ ప్రాక్టికల్స్ గురించి ఒక సమాధానం

మాస్టారూ, ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్లు చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే కోర్సు) మొదటి ఏడాదిలో వంద మంది విద్యార్థులు, ఒకే మైదానం, ప్రాక్టికల్స్ చూసే అధ్యాపకులు ముగ్గురు. విద్యార్థులు యూట్యూబులో అన్నీ చూస్తున్నారు, థియరీలో మంచి మార్కులే తెచ్చుకుంటున్నారు. కానీ చేతికి టేపు ఇచ్చి వాలీబాల్ కోర్టు గీయమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ముప్పై మంది బడిపిల్లల ముందు నిలబెడితే గొంతు పెగలడం లేదు. కొంత ఫోనులో, కొంత మైదానంలో సాగే మిశ్రమ బోధనకు ప్రాజెక్టు పద్ధతిని జోడిస్తే ప్రయోజనం ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి, మార్కులు ఎలా వేయాలి అని అడిగారు.

ప్రయోజనం ఉంటుంది. నేను బీపీఈడీ అధ్యాపకురాలిగా చేరి ఇరవై రెండేళ్లు దాటింది. చివరి కొన్నేళ్లుగా ప్రాక్టికల్స్‌ను ఈ పద్ధతిలోనే నడుపుతున్నాను. అయితే నాకు తెలిసి ఇది ఫలించేది ఒక్క షరతు మీదే. విద్యార్థి చేసిన పనిని మరొకరు నిజంగా వాడుకోవాలి. అతను గీసిన గీతల మీద పిల్లలు పరుగెత్తాలి, అతను నేర్పిన పాస్‌తో ఒక జట్టు ఆడాలి, అతను రాసిన పరుగు సమయాన్ని ఆ పిల్లల్లో ఒకరి తల్లి చదవాలి. అలా జరగనప్పుడు ప్రాజెక్టు పేరుతో మరో రికార్డు పుస్తకం తయారవుతుంది, సీనియర్ల పుస్తకం చూసి జూనియర్లు రాసుకుంటారు, అంతే.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి 2020లో నాకు ఎదురైన అనుభవమే కారణం. కరోనా వల్ల విద్యార్థులందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. ప్రాక్టికల్స్ ఆగకూడదని ప్రతి నైపుణ్యానికీ ఒక వీడియో తీసి పంపమన్నాను. పొలం గట్ల మీద, మేడల మీద, గుడి ముందు ఖాళీ స్థలాల్లో తీసిన వీడియోలు వందల కొద్దీ వచ్చాయి. చూసి సంతోషపడ్డాను. కళాశాల తెరిచాక అదే విద్యార్థులను మైదానంలోకి దింపితే, వీడియోలో అంత చక్కగా గుండు (షాట్‌పుట్) విసిరిన అమ్మాయి పక్కనున్న స్నేహితురాలి తప్పేమిటో చెప్పలేకపోయింది. విచారిస్తే సంగతి తెలిసింది. ఇరవై సార్లు విసిరి, బాగా వచ్చిన ఒక్కదాన్ని పంపింది. మిగతా పంతొమ్మిదిటిలో ఏం జరిగిందో నేనూ చూడలేదు, ఆమే ఆలోచించలేదు. నేర్చుకోవడమంతా ఆ పంతొమ్మిదిటిలోనే ఉంది, దాన్నే మేము పారేశాం.

అప్పటి నుంచి నేను అడిగేది రెండు వీడియోలు. మొదటి ప్రయత్నం ఒకటి, పది రోజుల తరువాతి ప్రయత్నం ఒకటి. ఈ రెండింటి మధ్య ఏం మారింది, ఎవరు చెబితే మారింది, ఇంకా ఏది మారలేదు అన్నది ఒక నిమిషం మాటల్లో చెప్పాలి. మొదటి వీడియో ఎంత పేలవంగా ఉన్నా మార్కులు తగ్గవని ముందే చెబుతాను. ఈ చిన్న మార్పుతో విద్యార్థి తన శరీరాన్ని పరాయి కళ్లతో చూసుకోవడం మొదలుపెట్టాడు. వ్యాయామ ఉపాధ్యాయుడికి జీవితాంతం కావలసినది ఆ చూపే.

మిశ్రమ బోధనలో ఏది ఫోనుకు వెళ్లాలి, ఏది మైదానంలో ఉండాలి అన్న లెక్క నాకు ఇక్కడే తేలింది. మాటలతో చెప్పగలిగినవన్నీ ఫోనుకు పంపండి. నియమాలు, కొలతలు, ఒక నైపుణ్యంలోని దశలు, సాధారణంగా జరిగే తప్పులు అందులోకి వస్తాయి. మైదానంలో మీరు ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉపన్యాసం చెబితే వంద మంది ఎండలో నిలబడి వింటారు, వెనక వరుసకు వినబడదు కూడా. ఆ ఇరవై నిమిషాలను ఆరు నిమిషాల వీడియోగా మార్చి ముందు రోజు రాత్రికే పంపితే మైదానంలో విజిల్ వేసిన మరుక్షణమే కాళ్లు కదులుతాయి. మా కళాశాలలో మేము మిగుల్చుకున్నది ఆ సమయమే. మైదానంలో గడిపే గంటల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు.

ఇది ప్రత్యేకంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) మిశ్రమ బోధన మీద 2021లో విడుదల చేసిన భావనా పత్రంలో ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చన్న ప్రతిపాదన ఉంది. దాన్ని చూపించి ప్రాక్టికల్ గంటలను కూడా ఫోనులోకి నెట్టేద్దామని మీ యాజమాన్యం అనవచ్చు. దయచేసి ఒప్పుకోకండి. హర్డిల్ (పరుగు దారిలో పెట్టే అడ్డు) దాటడం భయంతో ముడిపడిన పని. ఆ భయం పోవాలంటే హర్డిల్ ఎదురుగా ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

వీడియోలు మీ మైదానంలో, మీ విద్యార్థులతో, తెలుగులో మీరే తీయండి. ఒలింపిక్ క్రీడాకారుల వీడియోలు చూడటానికి అద్భుతంగా ఉంటాయి. కానీ నిన్నటి దాకా గుండు ముట్టుకోని కుర్రవాడు వాటిలో ఏం చూడాలో పోల్చుకోలేడు. పక్క బెంచీ విద్యార్థి చేసిన తప్పును మాత్రం వెంటనే పట్టుకుంటాడు. గుండు విసిరేటప్పుడు మోచేయి కిందికి జారితే క్రికెట్ బంతి విసిరినట్లు విసురుతారు, భుజానికి గాయం కావచ్చు. ఆ జారుడు మీ విద్యార్థి చేతిలోనే కనిపిస్తే ఇక మరచిపోరు. ఒక వీడియోకు ఒకే విషయం, చివర ఒకటో రెండో ప్రశ్నలు పెట్టండి. ప్రశ్న కూడా "కోర్టు పొడవు ఎంత" అన్నట్లు ఉండకూడదు. "నెట్టుకు ఒక వైపు సగం కోర్టు గీశారు, నాలుగు భుజాలూ 9 మీటర్లే వచ్చాయి, కానీ ఒక మూల నుంచి ఎదుటి మూలకు 12.40 మీటర్లు వచ్చింది, ఇప్పుడేం చేస్తారు" అన్నట్లు ఉండాలి. అక్కడ 12.73 రావాలని, రాకపోతే అది చతురస్రం కాదని, పక్కకు వాలిందని గ్రహించినవాడు మర్నాడు టేపు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్లే.

ఇక ప్రాజెక్టు. మీ దగ్గర ఒక్కదానికే సమయం ఉంటే నేను చెప్పేది ఇదే: చుట్టుపక్కల ఐదు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు ఎంచుకోండి, ఒక్కో బడికి ఇరవై మందిని అప్పగించండి. ఆ మైదానంలో 200 మీటర్ల ట్రాక్ వేసి, ఆ బడి క్రీడోత్సవం జరిపించి రావాలి. అందుకు ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది.

400 మీటర్ల ట్రాక్ కొలతలు మన పుస్తకాలన్నిటిలో ఉన్నాయి. 36.50 మీటర్ల వ్యాసార్థం, 84.39 మీటర్ల తిన్నని భాగం, ఒక్కో లేను (ఒకరు పరుగెత్తే దారి) వెడల్పు 1.22 మీటర్లు, రెండో లేను స్టాగర్ (బయటి లేనులో వంపు వల్ల దూరం పెరగకుండా ఆరంభ గీతను ముందుకు జరిపే దూరం) 7.04 మీటర్లు. విద్యార్థులు వీటిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ మన బడుల్లో 400 మీటర్ల ట్రాక్ పట్టే స్థలం ఎక్కడో గాని ఉండదు. ఉపాధ్యాయుడై వెళ్లిన రోజున వారికి ఎదురయ్యేది ఒక మూల వేపచెట్టు, ఇంకో మూల బోరింగు, మధ్యలో ప్రార్థన కోసం వేసిన సిమెంటు దిమ్మె ఉన్న స్థలం. అక్కడ పుస్తకం కొలత పనికిరాదు, లెక్క తెలిసి ఉండాలి.

నేను మొదట ఇచ్చే లెక్క ఇది. లోపలి గీతకు వ్యాసార్థం 17.80 మీటర్లు తీసుకోండి. లోపలి అంచున ఎత్తైన దిమ్మె (కెర్బ్) లేకుండా గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో దూరాన్ని ఆ గీతకు 20 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, కాబట్టి పరుగు వ్యాసార్థం 18 మీటర్లు. రెండు వంపులూ కలిపి 113.10 మీటర్లు. 200లో మిగిలినది 86.90, అంటే ఒక్కో తిన్నని భాగం 43.45 మీటర్లు. నాలుగు లేన్లు వేస్తే మొత్తం స్థలం సుమారు 89 మీటర్ల పొడవు, 45.5 మీటర్ల వెడల్పు. చుట్టూ కాస్త ఖాళీ కలుపుకుంటే 95కి 50 ఉన్న మైదానం సరిపోతుంది. మధ్య దీర్ఘచతురస్రం 43.45కి 35.60. దాని రెండు కర్ణాలూ 56.17 వస్తేనే మేకులు దిగగొట్టాలి.

ఇక్కడిదాకా చాలామంది బాగానే వస్తారు. అసలు పరీక్ష స్టాగర్ దగ్గర. ఈ ప్రాజెక్టు పెట్టిన మొదటి ఏడాది మా విద్యార్థుల్లో ఒక బృందం "400 మీటర్ల ట్రాక్‌కు 7.04 కదా, 200 మీటర్ల ట్రాక్‌కు అందులో సగం" అనుకుని 3.52 పెట్టింది. మూడు, నాలుగు లేన్లకూ అలాగే సగాలు పెట్టింది. నేను ఆ రోజు మరో బడిలో ఉన్నాను, కొలిచి చూడలేదు. క్రీడోత్సవంలో బాలికల 200 మీటర్లు మొదలైంది. నాలుగో లేనులో పరుగెత్తిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ బడిలో అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్ల. మూడో స్థానంలో వచ్చింది. మధ్యాహ్నం నేను అక్కడికి చేరేసరికి ఆ పిల్ల ఏడవలేదు గాని, నా దగ్గరికి వచ్చి "మేడం, నేను ఎక్కడా నెమ్మదించలేదు" అంది. టేపు తీసి కొలిపించాను. ఆమె మిగతా వాళ్లకన్నా దాదాపు 12 మీటర్లు ఎక్కువ పరుగెత్తింది.

ఒక పూర్తి చుట్టు పరుగుకు స్టాగర్ ట్రాక్ పొడవును బట్టి మారదు. లేను వెడల్పును బట్టి మారుతుంది. రెండో లేను వాడి వ్యాసార్థం మొదటి లేను వాడికన్నా ఎంత ఎక్కువో, దానికి 2π రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు. ట్రాక్ 200 అయినా 400 అయినా అంతే. అంతేకాదు, 7.04 అన్న అంకె అంచున దిమ్మె ఉన్న ట్రాక్‌ది. అక్కడ మొదటి లేనును 30 సెంటీమీటర్ల బయట, మిగతా లేన్లను 20 సెంటీమీటర్ల బయట కొలుస్తారు కాబట్టి తేడా 1.12 మీటర్లు. ముగ్గుపిండితో గీసిన మన బడి ట్రాక్‌లో అన్ని లేన్లనూ 20 సెంటీమీటర్ల దగ్గరే కొలుస్తాం కాబట్టి తేడా పూర్తిగా 1.22, స్టాగర్ 7.67. మూడో లేనుకు 15.33, నాలుగో లేనుకు 23 మీటర్లు. ఆ సాయంత్రం ఇదంతా ఆ విద్యార్థులకు నేను చెప్పలేదు. నేల మీద కూర్చుని వాళ్లే లెక్క కట్టారు, గీతలు చెరిపి మళ్లీ వేశారు. మర్నాడు ఉదయం పరుగు మళ్లీ పెట్టించాం. ఆ బృందంలోని ఒకతను ఇప్పుడు ఉపాధ్యాయుడు. ప్రతి ఏటా క్రీడోత్సవం ముందు రోజు తన ట్రాక్ ఫొటో పంపి "నాలుగో లేను కొలిచాను మేడం" అని రాస్తాడు.

ఆ తప్పులో నా వాటా ఉంది. అందుకే తరువాత పద్ధతి మార్చాను. ఇరవై మందినీ రెండు పదులుగా విడదీస్తాను. ఒక పది ట్రాక్ వేస్తే, రెండో పది వారి కాగితాలు చూడకుండా సొంతంగా లెక్క కట్టి, కొలిచి, సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకుండా ఒక్క పిల్లవాడినీ ఆ ట్రాక్ మీద నిలబెట్టకూడదు. షాట్‌పుట్ సెక్టారు (గుండు పడవలసిన ప్రాంతం) దగ్గర పాత్రలు మారతాయి, వేసినవారు తనిఖీదారులు అవుతారు. సెక్టారు కోణం 34.92 డిగ్రీలు అని అందరికీ తెలుసు, కానీ మైదానంలో ఎవరి దగ్గరా అంత పెద్ద కోణమానిని ఉండదు. వృత్తం మధ్య నుంచి 20 మీటర్ల దూరాన రెండు గీతల మధ్య 12 మీటర్లు ఉండేలా మేకులు కొడితే ఆ కోణం దానంతట అదే వస్తుంది. ఇలాంటి ఉపాయాలను వీడియోలో ముందే చెప్పకండి. మైదానంలో గంటసేపు తంటాలు పడ్డాక చెబితే వాటి విలువ తెలుస్తుంది.

పనిముట్ల గురించి రెండు మాటలు. వంపు తిప్పడానికి నైలాను తాడు వాడవద్దు, లాగితే సాగుతుంది. వంపు మొదట్లో 17.80 ఉన్నది చివరకు వచ్చేసరికి 18 అవుతుంది. ఉక్కు టేపు గాని, సాగని తీగ గాని మంచిది. గీతలకు పొడి సున్నం వాడే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. ఆ సున్నం కంట్లో పడితే కన్ను కాలుతుంది, చెప్పుల్లేని పిల్లల కాళ్లు పొక్కుతాయి. ముగ్గుపిండి ప్రతి ఊళ్లో దొరుకుతుంది, చవక కూడా.

ట్రాక్ వేయడం, నిర్వహించడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. అది వేరే నైపుణ్యం, దానికి వేరే సాధన కావాలి. వ్యాయామ విద్య నిపుణుడు మస్కా మాస్టన్ 1966లో ప్రతిపాదించిన బోధనా శైలుల్లో ఒకటి నాకు ఇక్కడ బాగా అక్కరకు వచ్చింది. విద్యార్థులను జంటలుగా విడదీస్తారు. ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు. చూసేవారి చేతిలో మూడే అంశాలున్న చిన్న కార్డు ఉంటుంది. అధ్యాపకుడు చేసేవారితో మాట్లాడడు, చూసేవారితోనే మాట్లాడతాడు. "నీ భాగస్వామి మోచేయి ఎక్కడుంది? మళ్లీ చూడు. ఏం చెబుతావు?" అంటాడు. వంద మందికి ముగ్గురే అధ్యాపకులున్న చోట ఇది యాభై మంది బోధకులను తయారుచేస్తుంది. మొదటి వారం విద్యార్థులు మొహమాటపడి "బాగుంది, బాగుంది" అంటారు. కార్డులో ఉన్నదే చెప్పాలన్న నియమం పెడితే ఆ మొహమాటం తగ్గుతుంది.

ఫోను కెమెరా అసలు ఉపయోగం కూడా ఇక్కడే. పూర్తి వేగంతో పరుగెత్తేవారి పాదం నేల మీద ఉండేది సుమారు సెకనులో పదో వంతు. మామూలు వీడియోలో సెకనుకు 30 చిత్రాలు, అంటే ఆ పాదం మూడు చిత్రాల్లోనే కనిపిస్తుంది. ఇప్పుడు చాలా ఫోనుల్లో సెకనుకు 240 చిత్రాలు తీసే నెమ్మది వీడియో ఉంది, అందులో 24 చిత్రాలు దొరుకుతాయి. మడమ మొదట తగులుతోందా, ముందు పాదమా అన్నది అప్పుడు వాదించుకోనక్కరలేదు. కెమెరా కదలకుండా నడుము ఎత్తులో, పరుగు దారికి సరిగ్గా పక్క నుంచి ఉండాలి. ఏటవాలుగా తీస్తే మోకాలి కోణం తప్పుగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. కళాశాలలో కంప్యూటరు ఉంటే కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోణాలు గీసి చూపించవచ్చు, లేకపోయినా నష్టం లేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ప్రతి ప్రయత్నానికీ వీడియో చూపించవద్దు. ఐదారు ప్రయత్నాలకు ఒకసారి, అదీ "నీకు ఎలా అనిపించింది" అని అడిగిన తరువాతే చూపించండి. లేకపోతే వారు కెమెరా మీద ఆధారపడతారు, ఒంట్లో తెలిసేదాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

అమ్మాయిల విషయం మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆట దుస్తుల్లో తీసిన వీడియో చేతులు మారుతుందన్న భయం వారికి ఉంటుంది, ఆ భయం న్యాయమైనది. భయంతో ఉన్న అమ్మాయి కెమెరా ముందు పూర్తి శక్తితో దూకదు. మా నియమాలు ఇవి: ఎవరి వీడియో వారి ఫోనులోనే తీయాలి, చూపించాలో వద్దో వారి ఇష్టం, గ్రూపుల్లో పెట్టకూడదు, సెమిస్టరు చివర అధ్యాపకుల దగ్గరున్నవన్నీ వారి ఎదుటే తొలగించాలి. ఒప్పుకోని అమ్మాయికి భాగస్వామి కార్డు చాలు, మార్కు తగ్గించకూడదు. బడిపిల్లల ముఖాలు కనిపించేలా అసలు తీయకూడదు. కావాలంటే ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి రెండూ కాగితం మీద ఉండాలి. ఇక ఫోను లేని విద్యార్థులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. ఐదుగురికి ఒక ఫోను సరిపోయేలా పనిని రూపొందించండి. వీడియోలను కళాశాల వైఫైలో దించుకునే వీలు కల్పించండి. హాస్టల్లో రాత్రి తొమ్మిదికి ఫోను అప్పగించాల్సిన అమ్మాయికి పదింటికి వీడియో పంపి మర్నాడు ఎందుకు చూడలేదని అడగడం అన్యాయం.

రెండో సంవత్సరానికి మరో ప్రాజెక్టు చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా కార్యక్రమపు శారీరక దారుఢ్య పరీక్షల్లో తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు ఎత్తు, బరువుల నుంచి కట్టే బీఎంఐ, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు చాచడం, పార్షియల్ కర్ల్ అప్స్ (పడుకుని తల, భుజాలు పైకి లేపడం), పుషప్స్ ఉన్నాయి. ఒక బడిలో ఒక తరగతికి ఇవన్నీ చేయించి ఫలితాలు ఉపాధ్యాయులకు అందించాలి. చూడటానికి తేలిక. కానీ పది మంది పిల్లలను ఇద్దరు విద్యార్థులతో విడివిడిగా కొలిపించి చూడండి, అంకెలు కలవవు. ఎందుకు కలవలేదో వెతకడమే ఆ ప్రాజెక్టు. ఒక ఉదాహరణ: 50 మీటర్ల పరుగులో బయలుదేరే చోట విజిల్ వేస్తారు, గమ్యం దగ్గర నిలబడ్డవారు శబ్దం విని గడియారం నొక్కుతారు. శబ్దం 50 మీటర్లు ప్రయాణించడానికి దాదాపు 0.15 సెకను పడుతుంది. అంటే పిల్లవాడి సమయం అంత మేర తక్కువ నమోదవుతుంది. జెండా దించగానే నొక్కితే ఆ తేడా పోతుంది. ఇది పాఠంలో చెబితే తల ఊపుతారు. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆశ్చర్యపోతారు.

అంపైరింగ్, స్కోరింగ్ కోసం అమెరికా వ్యాయామ విద్యావేత్త డారిల్ సీడెంటాప్ రూపొందించిన స్పోర్ట్ ఎడ్యుకేషన్ నమూనా చూడండి. కళాశాలలోనే ఆరు వారాల కబడ్డీ సీజన్ పెట్టి, జట్లు మారకుండా, ప్రతి వారం బాధ్యతలు మాత్రం మారుస్తారు. ఈ వారం కూతకు వెళ్లినవాడు వచ్చే వారం రిఫరీ, ఆ పై వారం స్కోరరు. తాను వాదించిన బోనస్ గీత దగ్గరే తాను విజిల్ వేయవలసి వచ్చినప్పుడు నియమం బాగా ఒంటబడుతుంది.

మార్కుల దగ్గర చాలామంది ప్రాజెక్టును పాడుచేస్తారు. బృందానికంతా ఒకే మార్కు వేస్తే లెక్కలు బాగా వచ్చిన ఒకరిద్దరు అంతా చేస్తారు, మిగతావారు మేకులు మోస్తారు. నేను నూటికి ఇరవై మాత్రమే బృందానికి ఇస్తాను, అది పూర్తయిన పనికి. నలభై వ్యక్తిగతంగా మైదానంలో. పరీక్ష రోజున చీటీలు వేస్తాను, ఎవరి చీటీలో ఏది వస్తే అది చేయాలి. రెండో లేను స్టాగర్ వేయడం, సెక్టారు గీయడం, రిలే బేటన్ మార్చుకునే ప్రాంతం గుర్తించడం, కబడ్డీ కోర్టులో బాక్ లైను (కూతకు వెళ్లినవాడు దాటి తీరవలసిన గీత) వేయడం లాంటివి. వ్యాసార్థం కూడా అప్పుడే మార్చి ఇస్తాను, కంఠస్థం చేసినది పనికిరాకుండా. ముప్పై మార్కులు బడిపిల్లలకు నేర్పిన పాఠానికి. అక్కడ నేను విద్యార్థి ప్రదర్శన చూడను, పిల్లల్లో వచ్చిన మార్పు చూస్తాను. పాఠం మొదట్లో ఎంతమంది సరిగ్గా చేశారు, చివర ఎంతమంది చేశారు అని లెక్కపెడతాను. మిగిలిన పది రోజువారీ డైరీకి. డైరీలో తప్పులు, కొట్టివేతలు లేకపోతే నాకు అనుమానం వస్తుంది. బాహ్య పరీక్షకులు మొదట కాస్త ఇబ్బంది పడ్డారు, వారికి అందమైన రికార్డులు చూసే అలవాటు. ఒకసారి చీటీ తీయించి మైదానంలోకి తీసుకెళ్లాక వారే తరువాతి చీటీ అడిగారు.

ప్రాజెక్టు పద్ధతి మీద మీ సహోద్యోగులు ఇదేదో కొత్త మోజు అనవచ్చు. అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ దీని మీద వ్యాసం రాసింది 1918లో. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్‌లో కూడా చేతిపని చుట్టూ చదువు అల్లడమే ఉంది. ఈ మాట చెప్పినా ఒప్పుకోకపోతే వాదించకండి, ఒక బడికి తీసుకెళ్లండి. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు సాధారణంగా ఒక్కరే ఉంటారు, ఐదారు వందల మంది పిల్లలుంటారు. మన ఇరవై మంది వెళ్లి రెండు నెలలు పనిచేస్తే ఆయనకు ఎంత ఊరటో ఆయన నోటే వినిపించండి. ఆయనను ప్రాజెక్టులో భాగస్వామిగా చేసుకోండి, తనిఖీకి వచ్చిన అధికారుల్లా మన వాళ్లు ప్రవర్తించకుండా చూడండి. మైదానంలో ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ పిల్లవాడికి ఆయాసం ఉందో ఆయనకే తెలుసు.

కాలం విషయానికి వస్తే, వానలు తగ్గేదాకా గీతలు వేయకండి, కొట్టుకుపోతాయి. జులై నుంచి సెప్టెంబరు వరకు వీడియోలు, జంటల సాధన, కాగితం మీద లెక్కలు సాగనివ్వండి. దసరా సెలవుల తరువాత బడులకు వెళ్లండి. జనవరి 26కు చాలా బడుల్లో ఆటల పోటీలు పెడతారు, ప్రధానోపాధ్యాయులు ఆ సమయానికి సంతోషంగా ఒప్పుకుంటారు. మార్చి వచ్చాక ఎండలో పిల్లలను 600 మీటర్లు పరుగెత్తించకండి.

ముందు ఈ వారం మీరే ఒక టేపు, ఒక విద్యార్థిని తీసుకుని దగ్గరలోని ఒక బడికి వెళ్లి మైదానం కొలవండి. 95కి 50 ఉంటే పైన రాసిన లెక్క యథాతథంగా వాడుకోవచ్చు. తక్కువ ఉంటే పొడవు, వెడల్పు, మధ్యలో అడ్డుగా ఉన్న చెట్లు, దిమ్మెలు ఎక్కడెక్కడున్నాయో ఒక కాగితం మీద గీసి ఇక్కడే పెట్టండి. దానికి సరిపోయే వ్యాసార్థం, తిన్నని భాగం, నాలుగు లేన్ల స్టాగర్లు లెక్క కట్టి ఇస్తాను. మీ విద్యార్థులకు మాత్రం ఆ జవాబు చూపించవద్దు.